సాంఝీ వాళ్ల అన్న

పితృపక్షం, ద్వాదశి

ఈ పుస్తకం మా పెద్దాడు సోమ్‌బీర్‌ది. అట్ట మీద ‘తొమ్మిదో తరగతి, సైన్సు’ అని వాడి రాత. లోపల ఒక కప్ప బొమ్మ, ఒక పువ్వు బొమ్మ, ఆ తర్వాతంతా ఖాళీ. సైన్సుతో వాడికున్న స్నేహం అంతవరకే. కాగితాలు వృథా పోవడం ఎందుకని నేను రాస్తున్నాను. నేను ఐదో తరగతి చదివానన్న సంగతి ఈ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

ట్రాక్టరు తిరగబడి వాడు పోయి ఏడు నెలలైంది.

పొద్దున మా చిన్నాడు కప్తాన్ వాళ్ల నాన్న బయటి వసారాలోంచి లోపలికి వచ్చి చెప్పాడు. దసరా వెళ్లిన మర్నాడు, ఏకాదశినాడు, కప్తాన్ చేత సోమ్‌బీర్ పెళ్లాం నీలమ్ మీద చాదర్ కప్పించాలని పెద్దలు అనుకున్నారట. చాదర్ కప్పితే చాలు, మరిది మొగుడైపోతాడు. బాజాలు అక్కర్లేదు, భోజనాలు అక్కర్లేదు. "కోడలికి నువ్వు చెప్పు" అన్నాడు. అడగమనలేదు, చెప్పమన్నాడు. అలాగే అన్నాను.

మంచిదే కదా. ఇరవై ఐదేళ్ల పిల్ల, కడుపున కాయ కూడా లేదు, ఎక్కడికి పోతుంది? నాకూ ఇలాగే జరిగింది. మొదటాయన పాము కరిచి పోయేటప్పటికి సోమ్‌బీర్ పది నెలల పిల్లాడు. నా మరిది చేత నా మీద చాదర్ కప్పించారు. సోమ్‌బీర్ కోసం ఉండిపోయాను. నాకేం లోటు జరిగింది?

ఇందులో కప్తాన్ కోసమేమీ లేదు. వాడికి పేరైతే కప్తాన్ అని పెట్టాం గానీ, పట్టాళం వాళ్లు మూడుసార్లు ఛాతీ కొలిచి మూడుసార్లూ ఇంటికి పంపారు. ఉద్యోగం లేని కుర్రాడికి పిల్లనిచ్చేవాళ్లు మా వైపు ఎవరూ లేరు. కానీ అది వేరే సంగతి.

త్రయోదశి

నీలమ్ పేర కార్డొచ్చింది. వాళ్ల అన్న బల్‌రాజ్ రాశాడు. అది తెరిచి ఉన్న కార్డు, చేతిలో పెడితే కళ్లు మూసుకుంటామా? చదివాను.

"అమ్మ నిన్నే తలుచుకుంటోంది. చాదర్ సంగతి మాకూ కబురొచ్చింది. నీకు ఇష్టం లేకపోతే ఒక్క ముక్క రాయి చాలు, అష్టమినాటికి వచ్చి తీసుకెళ్తాను. రాయలేదంటే నీకు ఇష్టమేనని అనుకుంటాం. మేం అడ్డు చెప్పం."

అప్పటికి ఆ పిల్ల చెరువు దగ్గర ఉంది, నవరాత్రుల్లో గోడ మీద నిలిపే సాంఝీ అమ్మవారి బొమ్మ కోసం మట్టి తేవడానికి వెళ్లింది. తట్ట దించేసరికి మోచేతులదాకా మట్టే. మట్టి చేతులతో పట్టుకుంటే కార్డు పాడైపోతుంది. సాయంత్రం ఇద్దామని ఈ పుస్తకంలో పెట్టాను.

చతుర్దశి

మరిచిపోయాను.

అమావాస్య

ఇవాళ సాంఝీ గోడ ఎక్కింది.

నిన్నటి నుంచి మేడ మీద నులక మంచం నిండా మట్టి బిళ్లలు ఆరబెట్టి ఉన్నాయి. చుక్కలు, చంద్రుడు, దువ్వెన, గాజులు, రెండు చేతులు, రెండు పాదాలు. పక్కింటి చమేలీ మనవరాలు బబ్లీ చిలకల్ని చేస్తానని కూర్చుని బాతుల్ని చేసింది. సున్నం వేసేసరికి బాతులు కూడా అందంగానే ఉన్నాయి.

చమేలీ గోడ మీద నుంచి తొంగి చూసి, "ఏం రిసాలో, ఈసారి కూడా నీ కోడలి చేతే చేయిస్తున్నావా? గాజులు పగిలిన చేతులు కదమ్మా" అంది.

"సాంఝీకి చేతులు కావాలి చమేలీ, గాజులు కాదు. గాజులు ఆవిడకి మట్టితో చేసిపెడతాం. నీ చేతులకి ఉన్నాయిగా డజను, పోయినేడాది నువ్వు చేసిన ముఖం చూసి మీ దూడే బెదిరింది" అన్నాను.

చమేలీ నవ్వింది. నీలమ్ కూడా ముసుగులో నవ్విందనుకుంటాను, భుజాలు కదిలాయి. ఏడు నెలల్లో మొదటిసారి.

గోడకి ఆవు పేడ అలికి, ఒక్కో బిళ్లా అంటించింది. ముందు ముఖం. కళ్లకి రెండు గవ్వలు పెట్టింది. ఆ తర్వాత చుట్టూ చుక్కలు, ఎన్ని చుక్కలో, లెక్కపెట్టబోతే కళ్లు చెదిరాయి. దీపం పెట్టేసరికి గోడ కనిపించడం మానేసింది. తెల్లటి బిళ్లలన్నీ గాలిలో నిలబడినట్టు ఉన్నాయి. ఆడపిల్లలు చుట్టూ చేరి, ఏం తింటావు, ఏం కట్టుకుంటావు అని పాటలో ఆవిడని అడిగారు. పుట్టింటికి వచ్చిన ఆడపడుచును అడిగినట్టే అడుగుతారు. రొట్టె నలిపి నెయ్యి, బెల్లం కలిపి చుర్మా ఉండ చేసి ఆవిడకి పెట్టాను.

మంచం మీద ఒక్క బొమ్మ మిగిలింది. సాంఝీ వాళ్ల అన్న. అతన్ని అష్టమినాడు గోడకెక్కించాలి. చెల్లెల్ని తీసుకెళ్లడానికి వచ్చాడన్నమాట, దశమినాడు ఆవిడ బయల్దేరుతుంది. నీలమ్ అతనికి తలపాగా చుట్టి, చేతికో కర్ర ఇచ్చి, కాళ్లకి జోళ్లు కూడా పెట్టింది. దూరం నుంచి నడిచి వచ్చేవాడు కదా.

పిల్లి తొక్కుతుందేమోనని తీసి మట్టి గాదెలో గోధుమల మీద పెట్టాను. కార్డు కూడా ఇవ్వాలి.

పాడ్యమి

చెప్పాను. పిడకలు తడుతున్నప్పుడు చెప్పాను, ఎదురుగా చూడక్కర్లేదని. "ఏకాదశికి చాదర్ అనుకున్నారు" అని.

ఆమె చెయ్యి పిడక మీద ఆగింది. తర్వాత తట్టింది. "సరే అత్తమ్మా" అంది.

చూశారా, ఇష్టమే. సరే అంది కదా. ఇక కార్డుతో పనేముంది?

విదియ

పత్తి ఏరడానికి వెళ్లాం. మధ్యాహ్నం గట్టు మీద నడుం వాల్చాను. ఎండ మెత్తగా ఉంది, చేను అంతా తెల్లగా విచ్చుకుని ఉంది. నిద్రలోకి జారానో లేదో తెలియదు. మా అన్న హోషియార్ పత్తి సాలు వెంట నడిచి వస్తున్నాడు. భుజాన ఏటా శ్రావణానికి నాకు తెచ్చే మిఠాయి మూట. వస్తున్నాడు, వస్తున్నాడు, సాలు పొడుగవుతూనే ఉంది. నేను చెయ్యి ఊపుతున్నాను, ముసుగు ముఖానికి అడ్డం పడి కనిపించడం లేదతనికి.

లేచేసరికి నీలమ్ నా మీద తన చున్నీ కప్పుతోంది, ఎండ తగలకుండా. చాదర్ కప్పినట్టు ఉలిక్కిపడ్డాను. అత్తమ్మా అత్తమ్మా నేనే అంది.

చవితి

కప్తాన్ రొట్టె తినేటప్పుడు చూశాను. నీలమ్ పొయ్యి దగ్గర నుంచి సజ్జ రొట్టె వేస్తుంటే తల ఎత్తకుండా తింటున్నాడు. "వదినా, కాస్త వెన్న" అన్నాడు. పెట్టింది. చిన్నప్పుడు సోమ్‌బీర్ దగ్గర కూడా ఇలాగే తల దించుకుని తినేవాడు.

వాళ్ల నాన్న కూడా అలాగే తినేవాడు నా దగ్గర. నాకంటే ఏడాదిన్నర చిన్న. తలలో పేలు పడితే నేనే దువ్వేదాన్ని. పేరు పెట్టి పిలిచేదాన్ని, గొడ్లు తోలుకు రారా అని అరిచేదాన్ని. చాదర్ కప్పిన రోజు నుంచి ఆ పేరు నా నోట రాలేదు. మొగుడి పేరు పలకకూడదు కదా. ఈ పుస్తకంలో రాయబోయినా చెయ్యి ఆగిపోతోంది.

నాకేం లోటు జరిగింది? కొట్టలేదు, తాగలేదు. సోమ్‌బీర్‌ని కొడుకులాగే చూశాడు. సోమ్‌బీర్ కోసం ఉండిపోయాను.

పంచమి

సాంఝీ గవ్వ కళ్లు నన్నే చూస్తున్నాయి. ఇవాళ చుర్మాలో నెయ్యి ఎక్కువ వేశాను.

షష్ఠి

బబ్లీ అడిగింది, "పెద్దమ్మా, అన్న బొమ్మ ఎక్కడ? మంచం మీద లేదు" అని.

పిల్లి అన్నాను. పిల్లి ఎత్తుకుపోయిందా అంది. ఎత్తుకుపోయిందేమో అన్నాను. పిల్లి మట్టి తినదు కదా అంది. ఈ కాలం పిల్లలకి అన్నీ కావాలి.

నీలమ్ వింటూనే ఉంది. "ఇంకోటి చేద్దామా వదినా?" అని బబ్లీ అడిగితే, "మట్టి అయిపోయిందిలే" అంది. చెరువు నిండా మట్టే. చేయాలనుకుంటే తట్టెడు తేవచ్చు.

"మరి సాంఝీ ఎలా వెళ్తుంది?"

"అన్న రాకపోతే వెళ్లదు. ఇక్కడే ఉండిపోతుంది" అంది నీలమ్. కోపంగా అనలేదు. ఉప్పు ఎక్కడుందో చెప్పినట్టు అంది.

సప్తమి

తెల్లవారుజామున కల. గోడ మీద చుక్కలన్నీ చెరువులోకి దిగుతున్నాయి ఒక్కొక్కటే. నీళ్లలో మా అత్త నిలబడి ఏరుకుంటోంది. అన్నీ ఒళ్లో వేసుకుని, "ఎక్కడికి పోతారే, ఇదే మీ ఇల్లు" అంటోంది. ముఖం మా అత్తది, గొంతు మాత్రం నాది.

గాదెలో చెయ్యి పెట్టి చూశాను. ఉన్నాడు. గోధుమల మీద వెల్లకిలా పడుకుని, జోళ్లు తొడుక్కుని.

అష్టమి

ఇవాళ నీలమ్ పొద్దుటి నుంచి గుమ్మంలోనే. పత్తి గింజ తీస్తున్నట్టు కూర్చుంది. బస్సు వచ్చే వేళకి తల ఎత్తింది, పోయాక దించింది. మూడు బస్సులు. నాలుగో బస్సు తర్వాత లేచి గేదెకి కుడితి పెట్టింది.

సాయంత్రం గోడ మీద అన్న కోసం వదిలిన జాగా ఖాళీగానే ఉంది. పాటల్లో అన్న వచ్చాడన్న పాట దగ్గర ఆడపిల్లలు ఆగిపోయారు. రాలేదు కదా, ఏం పాడతారు? బబ్లీ ఏడ్చింది. చమేలీ నావైపు చూసింది. ఆవిడకి నోరు ఎక్కువే గానీ కళ్లు కూడా ఉన్నాయి.

ఇక రాయకుండా ఉండలేను. రాస్తాను, ఎవరు చదువుతారు?

మొదటాయన పోయిన మూడో నెలలో హోషియార్ వచ్చాడట నన్ను తీసుకెళ్లడానికి. పొద్దున్నే మా అత్త నన్ను ఊరవతల పశువుల కొట్టానికి పంపింది, పెసలు విసరమని. కుండెడు పెసలు. సోమ్‌బీర్‌ని తన దగ్గరే ఉంచుకుంది. పొద్దు వాలేదాకా విసిరాను. మా అన్న బయటి వసారాలో పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. మా అత్త లోపలికి వెళ్లి వచ్చి, "రానంటోంది బాబూ, ముఖం చూపించనంటోంది" అని చెప్పిందట. వారం తిరక్కుండా చాదర్.

ఆ తర్వాత ప్రతి శ్రావణంలో వచ్చేవాడు. మూట గుమ్మంలో పెట్టి, నా తల నిమిరి, అటునుంచి అటే వెళ్లిపోయేవాడు. ఏం తప్పు చేశానా అనుకునేదాన్ని. అడగలేదు. నాలుగేళ్ల క్రితం సోమ్‌బీర్ పెళ్లికి మేనమామ కానుకలు తెచ్చి గుమ్మంలో పీట మీద నిలబడ్డప్పుడు, నాకు చీర కప్పుతూ మెల్లిగా అన్నాడు. "ఆ రోజు నువ్వే కదా రానన్నావు." ఇరవై మూడేళ్లు ఆ మాట మోశాడు. చుట్టూ ఆడవాళ్లు పాటలు పాడుతున్నారు. నేను ఏమీ అనలేకపోయాను. మరుసటి ఏడాది అతను పోయాడు.

మా అత్తని ఎన్నిసార్లు తిట్టుకున్నానో. ఇప్పుడు ఆవిడ కుండ నా నెత్తిన ఉంది. పెసలకి బదులు పిల్లి అన్నాను, అంతే తేడా.

నవమి

పొద్దున్నే గాదెలోంచి అన్నని తీశాను. గోధుమ పొట్టు తుడిచాను. ఈ పుస్తకంలోంచి కార్డు తీశాను. రెండూ తీసుకెళ్లి పొయ్యి దగ్గర నీలమ్ ఒళ్లో పెట్టాను.

ముందు కార్డు చదివింది. రెండుసార్లు చదివింది.

"త్రయోదశినాడు వచ్చింది. నేనే దాచాను" అన్నాను.

"తెలుసత్తమ్మా" అంది. "కార్డు ఇచ్చానని పోస్టుమాన్ ఆ రోజే చెరువు దగ్గర చెప్పాడు. ఏముందో తెలీదు, వచ్చిందని తెలుసు. సాంఝీ అన్నలాగే మా అన్న కూడా అష్టమికి వస్తాడేమోనని గుమ్మంలో కూర్చున్నాను."

"మరి అడగలేదేం?"

పొయ్యిలో కర్ర సర్దింది. "మీరు ఇస్తారేమోనని చూశాను. రోజూ చూశాను. అడిగి తీసుకుంటే... మళ్లీ మీ ముఖం ఎలా చూడను?"

నాకు ఏడుపొచ్చింది. రొట్టె మాడుతోందని ఇద్దరం ఒకేసారి చెయ్యి పెట్టాం, ఇద్దరికీ కాలింది.

"చెప్పు. నీకేం కావాలో చెప్పు. సరే అని మాత్రం అనకు."

కాలిన వేలు నీళ్లలో ముంచి అంది. "కప్తాన్ మంచివాడత్తమ్మా. వదినా అని పిలిస్తే నాకు తమ్ముడు పిలిచినట్టే ఉంటుంది. ఏకాదశి తర్వాత అతను నన్ను ఏమని పిలుస్తాడు? నేను అతనికి రొట్టె ఎలా పెడతాను?"

ఇరవై ఏడేళ్ల క్రితం ఈ మాట నాకు తట్టింది. అడిగేవాళ్లు లేరు.

కప్తాన్ని పిలిచాను. "వెళ్లి నీ వదిన వాళ్ల అన్నని తీసుకురా. పది గంటల బస్సుంది."

వాడు నా ముఖం, వాళ్ల వదిన ముసుగు మార్చి మార్చి చూశాడు. "చాదర్ లేదా?"

"లేదు."

చొక్కా తొడుక్కుంటూ గుమ్మం దాటాడు. దాటి వెనక్కి వచ్చాడు. "అమ్మా, నన్ను కూడా ఎవరూ అడగలేదే" అన్నాడు. వాడి గొంతులో బరువు దిగింది. అంత బరువు మోస్తున్నాడని నేను చూడలేదు. పట్టాళం వాళ్లు కొలిచిన ఛాతీ అది.

బయటి వసారాలో హుక్కా చప్పుడు ఆగింది. "పెద్దల్లో మాటిచ్చి వచ్చాను" అన్నాడు కప్తాన్ నాన్న లోపలికి వినిపించేలా.

"మాటిచ్చింది నువ్వు. చాదర్ కిందికి వెళ్లేది ఆ పిల్ల. పెద్దలకి అంత బెంగగా ఉంటే ఆ చాదర్ వాళ్లనే కప్పుకోమను, చలికాలం వస్తోంది" అన్నాను.

ఇక హుక్కా మోగలేదు, మనిషి మాట్లాడలేదు. మధ్యాహ్నం అన్నం కూడా వద్దన్నాడు.

సాయంత్రం అన్నని గోడ ఎక్కించాం. ఒక రోజు ఆలస్యంగా. బబ్లీ బృందం రెండు రోజుల పాటలూ కలిపి పాడింది. నీలమ్ గొంతు కూడా వినిపించింది, సన్నగా. చుక్కల మధ్య కర్ర పట్టుకుని నిలబడ్డాడతను. దుమ్ము కొట్టుకుని, దూరం నుంచి వచ్చినవాడిలాగే ఉన్నాడు.

దశమి

బల్‌రాజ్ మధ్యాహ్నం దిగాడు. బయటి వసారాలో కూర్చోబెట్టి టీ ఇచ్చాను. "ముక్క రాలేదు, ఇష్టమేననుకున్నాం" అన్నాడు. నేను ముసుగు ఇంకాస్త దించుకుని చెప్పాను, మీ చెల్లెలి తప్పు కాదు బాబూ, కార్డు దాచింది నేనే అని. అతను సాసరులో టీ పోసుకుని తాగడం మరిచిపోయి కూర్చున్నాడు. కప్తాన్ నాన్న పక్కనే ఉన్నాడు. అన్నీ విన్నాడు. చివరికి హుక్కా గొట్టం బల్‌రాజ్ వైపు తిప్పాడు. మా వాళ్లలో అంతకంటే పెద్ద మాట లేదు.

పొద్దు వాలేవేళ సాంఝీని గోడ నుంచి దించాం. ముఖాన్ని కొత్త కుండలో పెట్టి, కుండకి చిల్లులు పొడిచి, లోపల దీపం వెలిగించాం. అన్నని పక్కనే కూర్చోబెట్టింది నీలమ్. కుండ తనే మోసింది. పాటలు పాడుతూ చెరువు దాకా వెళ్లాం. వీధి పొడవునా చిల్లుల్లోంచి వెలుగు చుక్కలు ఆమె చున్నీ మీద, గోడల మీద, మా అందరి ముఖాల మీద తిరుగుతూ వచ్చాయి.

మా ఊళ్లో సాంఝీ అవతలి గట్టు చేరకూడదు. చేరితే ఊరికి కీడంటారు. అందుకని మగపిల్లలు కర్రలు పట్టుకుని మొలలోతు నీళ్లలో కాపు కాస్తారు, కుండ మధ్యకి రాగానే పగలగొడతారు. ఈ ఊరికి వచ్చిన దగ్గర్నుంచి చూస్తున్నాను, ఒక్క కుండ కూడా దాటలేదు. కేరింతలు కొట్టి నవ్వుకుంటూ ఇంటికి వెళ్లేవాళ్లం. ఇన్నేళ్లూ ఎలా నవ్వామో.

చమేలీ వాళ్ల కుండ పగిలింది. ఆ వెనక ఇంకో రెండు. నీలమ్ మా కుండని నీళ్ల మీద వదిలింది. గాలి అవతలివైపే వీస్తోంది. వెలుగు ఊగుతూ మధ్యకి వెళ్తోంది. కర్రలు లేచాయి.

నేను ఎప్పుడు దిగానో నాకే తెలియదు. గాగ్రా పావడా నీళ్లలో తామరాకులా చుట్టూ పరుచుకుంది. గట్టు మీద పెద్దవాళ్లు ఉన్నారు కదా, ముసుగు మాత్రం తీయలేదు. ముసుగులోంచే అన్నాను. "ఈ కుండ మీద కర్ర వేయాలంటే ముందు నా మీద వేయండిరా."

"జరుగు పెద్దమ్మా, ఊరికి కీడొస్తుంది" అన్నాడొకడు.

"వస్తే మా ఇంటికి రమ్మను. దారి నీకు తెలుసుగా, చెరుకు దొంగతనానికి రోజూ వస్తావు."

గట్టు మీద ఎవరో నవ్వారు. కర్రలు ఒక్కొక్కటే దిగాయి. కప్తాన్ కూడా ప్యాంటు తడుపుకుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు. కుండ మా ఇద్దరి మధ్య నుంచి, తొందరేమీ లేనట్టు వెళ్లింది. నీళ్లలో ఒక సాంఝీ, నీళ్ల కింద ఒక సాంఝీ. అవతలి గట్టు రెల్లు దుబ్బుల్లో ఆగింది. దీపం చాలాసేపు వెలుగుతూనే ఉంది.

వెనక్కి తిరిగి చూస్తే నీలమ్ ముసుగు జారిపోయి ఉంది. తీసి కప్పుకోలేదు. ఏడుస్తోందో నవ్వుతోందో అంత దూరం నుంచి తెలియలేదు.

ఏకాదశి

నీలమ్ పొద్దుటి బస్సుకి వెళ్లింది. బస్సెక్కే ముందు మొక్కుతూ నా కాళ్లు ఒత్తింది, నేను తల నిమిరాను. "శ్రావణానికి మిఠాయి మూటతో కప్తాన్ వస్తాడు. అన్నకి తోడు తమ్ముడుంటే నష్టం లేదు" అన్నాను. సరే అంది. ఈసారి సరే అన్నట్టే ఉంది.

పిడుగు పడలేదు. వరద రాలేదు. గేదె మామూలుగానే పాలిచ్చింది, మామూలుగానే తన్నింది.

గోడ మీద పేడ ఊడిన చోట చుక్కల గుర్తులు మిగిలాయి. సున్నం వేయబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం కప్తాన్ నాన్న లోపలికి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. రెండు రోజుల తర్వాత మొదటిసారి నోరు తెరిచాడు. తల దించుకునే అడిగాడు, చిన్నప్పుడు రొట్టె తినేటప్పటిలా.

"ఆ రోజు మీ అన్న వచ్చినట్టు నీకు తెలిసి ఉంటే... సోమ్‌బీర్‌ని నీ చేతికిచ్చి ఉంటే, వెళ్లేదానివా?"

అంటే ఇతనికీ తెలుసు. అప్పుడే తెలుసు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు, అతన్ని మాత్రం ఎవరు అడిగారు?

"గేదెకి నీళ్లు పెట్టావా?" అన్నాను. లేచి వెళ్లి పెట్టాడు.

సోమ్‌బీర్ కోసం ఉండిపోయాను అని ఎన్నిసార్లు రాశానో, ఇప్పుడు వెనక్కి తిప్పి చూసుకున్నాను. నోటితో చెప్పలేనిది ఇక్కడ రాస్తాను.

వెళ్లేదాన్ని, ధూప్‌సింగ్.